అద్దం ముందు కుర్చీ

"ప్లగ్గు పీకేసినంత మాత్రాన ప్రోగ్రాం ఆగిపోదమ్మా," అన్నాడు కొడుకు.

తల్లి టీవీ వైరుని బారెడు లాగి, చుట్ట చుట్టి, బల్ల వెనక్కి తోసేసింది. అంత కోపంలోనూ చుట్ట గుండ్రంగానే వచ్చింది. ఇరవై ఆరేళ్ళు స్టూడియోలో పనిచేసిన చెయ్యి మరి.

"నేను రానని ఎన్నిసార్లు చెప్పాన్రా నీకు?"

"మూడుసార్లు."

"బాగానే గుర్తుందే. మరి నా ఫొటో టీవీలోకి ఎలా ఎక్కింది?"

కొడుకు కళ్ళు భార్య వైపు తిరిగాయి. మందుల షాపుకి బయల్దేరుతూ తెల్లకోటు గుండీలు పెట్టుకుంటున్న కోడలు, "నన్ను చూస్తారేం? తాళంచెవి వెతికింది మీరు, పెట్టె తీసింది మీరు," అని చేతులు దులిపేసుకుంది.

ముగ్గురూ టీ తాగుతుండగా వచ్చింది ఆ ప్రకటన. టీవీ యాంకరు చెర్నాకోల చనిపోయి అప్పటికి పది రోజులు. ఆయన అసలు పేరు ఎవరికీ పట్టలేదు. జనమంతా చెర్నాకోల అనే పిలిచారు, ఆయనా దానికే పలికాడు. తెర మీద ఆయన వేలు చూపిస్తూ గర్జించాడు. ఆ వెనకే, చేతిలో పౌడరు కుంచెతో నవ్వుతున్న ఒక నడివయసు మనిషి ఫొటో. "ఆయన ముఖానికి ఏళ్ళ తరబడి మెరుగులు దిద్దిన పౌడరక్క చెప్పే నవ్వుల కబుర్లు! బుధవారం పదకొండు గంటలకి, లైవ్!" అని వెనకనుంచి గొంతు. ఆ గొంతు కొడుకుదే.

"నవ్వుల కబుర్లట," అంది పౌడరక్క. "ఏం నవ్వొచ్చిందిరా నీకు ఆయనలో?"

"నాకొక్కడికేనా? ఫోను తెరిస్తే చాలు, ఆయన పాత వీడియో ముక్కలే. మంత్రికి చెమటలు పట్టించిన ముక్క. పెద్ద డాక్టరు మైకు పీకి విసిరికొట్టిన ముక్క. అలాంటి మొనగాడు మళ్ళీ పుట్టడని ఏడుస్తున్నారు జనం. ఇప్పుడున్న యాంకర్లంతా నీళ్ళు నమిలేవాళ్ళే కదా."

"ఏడవనీ. నన్ను మాత్రం లాగకు."

"లాగక తప్పదమ్మా. ఈ ప్రోగ్రాం నా చేతిలో పెట్టారు. నువ్వు రాకపోతే నా తల ఎక్కడ పెట్టుకోను?"

"నన్నడిగే పెట్టుకున్నావా తల?"

కోడలికి నవ్వొచ్చి, అత్తగారి ముఖం చూసి మింగేసింది.

కొడుకు చెప్పేదాంట్లో అబద్ధం లేదు. ఆ రోజులు అలాంటివే. బుధవారం సాయంత్రం ఏడయ్యేసరికి వీధులు బోసిపోయేవి. మంగలి షాపులో సగం గడ్డంతో మనిషి అలాగే కూర్చుని టీవీకేసి నోరు తెరుచుకుని చూసేవాడు. 'నిగ్గు' అని ఆ కార్యక్రమం పేరు. పిలిచి, కుర్చీ వేసి, మర్యాదగా నమస్కారం పెట్టి, ఆ తర్వాత తోలు వలిచేవాడు చెర్నాకోల. ఆయన్ని చూసి ఊరికొకడు పుట్టుకొచ్చాడు. ఒకాయన బల్ల మీద గంట పెట్టుకుని అవతలివాడు రెండో మాట అనేలోపు మోగించేవాడు. ఇంకొకాయన అతిథి తెచ్చుకున్న కాగితాలు అతిథి కళ్ళ ముందే చింపేవాడు. కళ్ళద్దాల మేడం అని ఒకావిడ ఉండేది. అరిచేది కాదు, కళ్ళద్దాలు తీసి ఊరికే చూసేది. ఆ చూపుకే గట్టి గుండెలున్న మగవాళ్ళు బావురుమనేవాళ్ళు. కానీ వీళ్ళందరికీ తాత చెర్నాకోల. మిగతావాళ్ళు అరిచేవాళ్ళు. ఆయన మాత్రం గుట్టు తెలిసినవాడిలా, సరిగ్గా పుండు మీదే వేలు పెట్టేవాడు.

ఎలా తెలిసేదో ఎవరికీ అంతుపట్టేది కాదు.

"అమ్మా, ఇంకో మాట," అన్నాడు కొడుకు, గొంతు తగ్గించి. "హెడ్మాస్టరుగారు కూడా వస్తున్నారు."

పౌడరక్క చెయ్యి బల్ల అంచు మీద ఆగింది. "ఏ హెడ్మాస్టరు?"

"ఇంకే హెడ్మాస్టరు? నలభై ఒక్క సెకన్ల హెడ్మాస్టరు."

ఆమె కూర్చుంది. కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూర్చుంది. కోడలు చటుక్కున కుర్చీ తోసింది కాబట్టి సరిపోయింది.

"ఆయన వస్తానన్నారా? ఆయనంతట ఆయనే?"

"ఫోను చేస్తే ముందు పెట్టేశారు. గంట తర్వాత ఆయనే చేశారు. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు చెప్తాను బాబూ, నాకు ఎనభయ్యొకటి, ఇంకెప్పుడు చెప్తాను, అన్నారు. ఒక్కటే షరతు పెట్టారు."

"ఏంటది?"

"ఆ రోజు తనకి మేకప్ వేసినావిడే ఇప్పుడూ వెయ్యాలట. 'ఆ బిల్డింగు మొత్తమ్మీద నన్ను మనిషిలా చూసింది ఆవిడొక్కతే' అన్నారు. మా అమ్మే సార్ అన్నాను."

తనకే గర్వంగా ఉన్నట్టు నవ్వాడు కొడుకు. తల్లి లేచి, వెనక గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుంది.

"చూశావా? కరిగింది," అన్నాడు భార్యతో.

"మీకు మీ అమ్మ ముఖం చదవడం కూడా రాదు," అని కోటు విప్పి కుర్చీకి తగిలించింది కోడలు.

*

కోడలు తలుపు తట్టలేదు. బీపీ మాత్ర, నీళ్ళ గ్లాసు పట్టుకుని నెమ్మదిగా తోసుకుని వెళ్ళింది.

పౌడరక్క మంచం మీద గోడవైపు తిరిగి కూర్చునుంది.

"వేసుకోండత్తయ్యా. పొద్దున్న మర్చిపోయారు."

వేసుకుంది. గ్లాసు తిరిగివ్వలేదు, రెండు చేతుల మధ్యా పెట్టుకుని తిప్పుతూ ఉండిపోయింది. కోడలు వెళ్ళలేదు. ఆ ఇంట్లో పదిహేనేళ్ళుగా అత్తాకోడళ్ళ మధ్య సగం మాటలు ఇలా కూర్చోవడంలోనే నడిచాయి.

"ఆ మాష్టారికి మీరేం చేశారత్తయ్యా?"

"చెమట తుడిచాను. మంచినీళ్ళిచ్చాను."

"అది కాదు. చెమట తుడిచిన మనిషి ఇలా గోడకి తిరిగి కూర్చోదు."

పౌడరక్క గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

"నా కుర్చీలో కూర్చుంటే అందరూ మాట్లాడేవాళ్ళే అమ్మాయ్. ఎందుకో తెలీదు. ముఖం మీద ఆడదాని చెయ్యి పడుతుంది. కళ్ళు మూసుకోమంటాం. మెడ చుట్టూ గుడ్డ కడతాం, చిన్నపిల్లాడికి కట్టినట్టు. బయట చెర్నాకోల కూర్చుని ఉంటాడు, కాసేపట్లో తినేస్తాడు. ఆ భయంలో కడుపులో ఉన్నదంతా చెప్పేస్తారు. ఇంట్లో ఎవరెవరున్నారు సార్ అంటే చాలు."

"మీరు వినేవాళ్ళు."

"వినేదాన్ని. ఆఖరి టచప్ చెర్నాకోలకే. నుదురు మీద పౌడరు అద్దుతుంటే ఆయన కళ్ళు మూసుకుని, 'ఏమక్కా, లోపలి సరుకేంటి?' అనేవాడు. నాకంటే పెద్దవాడు. అయినా అక్కా అనేవాడు."

కోడలి ముఖంలో రంగు మారింది. అర్థమైంది.

"మొదట్లో తెలియక చెప్పాను. ఊరికే కబురనుకుని చెప్పాను. తర్వాత షోలో అదే మాట ఆయన నోటెంట వచ్చేది. అవతలివాడి ముఖం పాలిపోయేది. అప్పుడు తెలిసింది." ఆగింది. "తెలిసిన తర్వాతా చెప్పాను. అదే నా గొంతులో ముల్లు. ఉద్యోగం పోతుందని భయపడి చెప్పానని ఇన్నాళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఉద్యోగం కోసం కాదు. ఆయన్ని చూస్తే స్టూడియో అంతా వణికిపోతుంది కదా, అలాంటివాడు నా మాట కోసం కళ్ళు మూసుకుని ఎదురుచూస్తాడు. నేను ఏరిన మాట లక్షల ఇళ్ళలో పేలుతుంది. అది బాగుండేది నాకు. అదీ నిజం."

హెడ్మాస్టరు సంగతి అప్పుడు చెప్పింది. పబ్లిక్ పరీక్షలో స్లిప్పులతో దొరికిన పదకొండు మంది పిల్లల్ని డిబార్ చేయించాడాయన. తల్లిదండ్రులు బడి మీదికి వచ్చారు. చెర్నాకోల పిలిచాడు. తనది న్యాయమని నమ్మి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ధైర్యంగానే వచ్చాడు మనిషి. కుర్చీలో కూర్చోగానే మాత్రం ఆ ధైర్యం జారిపోయింది. ఇంట్లో ఎవరెవరున్నారు మాష్టారూ అని అడిగింది. ఒక్కతే అమ్మాయి అన్నాడు. కళ్ళు మూసుకునే ఉన్నాడు. అమ్మాయికి పదిహేనేళ్ళు. ముందు ఏడాది దానిదీ అదే పరీక్ష. మొదటి పేపరు రోజు పొద్దున దాని పుస్తకంలో స్లిప్పులు దొరికాయి. పరీక్షకి పంపలేదు. కామెర్లని ఊరందరికీ చెప్పాం. ఇంతవరకు మూడో మనిషికి తెలీదమ్మా, అన్నాడు.

పావుగంట తర్వాత చెర్నాకోల మైకు ముందుకి వంగి, మెత్తగా, నవ్వుతూ అడిగాడు: "మాష్టారూ, పోయినేడు మీ అమ్మాయికి వచ్చింది నిజంగా కామెర్లేనా?"

హెడ్మాస్టరు నోరు పెగల్లేదు. కెమెరా కదల్లేదు. నలభై ఒక్క సెకన్లు. సొంత కూతుర్ని గుట్టుగా దాచుకుని, ఊరిపిల్లల్ని బజారున పెట్టినవాడన్న ముద్ర ఆ నలభై ఒక్క సెకన్లలోనే పడిపోయింది. ఇరవై ఏడేళ్ళైనా ఇప్పటికీ జనం ఆ ముక్క పెట్టుకుని చూస్తున్నారు.

కోడలు అత్తగారి చేతుల్లోంచి గ్లాసు తీసుకుంది.

"అప్పుడు నాకు పన్నెండేళ్ళు," అంది. "మా నాన్న బుధవారం మా నోళ్ళు మూయించి మరీ చూసేవాడు. ఆ మాష్టారు అలా నోరు తెరిచి మూస్తుంటే మా ఇంట్లో అందరం నవ్వాం. నేనూ నవ్వాను. మర్నాడు బడిలో ఆయనలా నోరు పెట్టి అందర్నీ నవ్వించాను కూడా."

పౌడరక్క తలెత్తి కోడలికేసి చూసింది.

"ఆయనకి చెప్తారా?"

"చెప్తే నన్ను మనిషనుకున్న ఒక్కడూ పోతాడు."

"చెప్పకపోతే?"

పౌడరక్క లేచి, అల్మరా పైనుంచి పాత మేకప్ సంచీ దించమంది.

*

బుధవారం పదింటికి స్టూడియోలో అడుగుపెడితే పౌడరక్కకి దారి తెలియలేదు. గోడలు మారాయి. మేకప్ గదిలో అద్దం చుట్టూ గుండ్రటి తెల్లలైట్లు, ముఖానికి రంగు చిమ్మే మిషను. అక్కడి అమ్మాయిలిద్దరూ లేచి నిలబడి, "మీరేనా పౌడరక్క?" అని ఫొటో దిగారు. చెర్నాకోల కబుర్లు చెప్పమన్నారు. "తర్వాత," అంది.

హెడ్మాస్టరు చూపు బాగా మందగించింది. భార్య చెయ్యి పట్టుకుని కారిడార్లో నడిచి వచ్చాడు. ఆవిడ చిన్నగా, గట్టిగా ఉంది. మెట్టు వచ్చినప్పుడు ఆగింది. ఆయనా ఆగాడు. ఇద్దరి మధ్యా మాట లేదు.

"ఆవిడ్ని ఎక్కడైనా కూర్చోబెట్టండి బాబూ," అన్నాడు ఆయన, పౌడరక్క కొడుకుతో, ఆవిడ పక్కనే ఉండగా.

"ఆయనకి పదిన్నరకి మందు వెయ్యాలి. సంచీలో ఉంది," అంది ఆవిడ, అదీ కొడుకుతోనే.

కొడుకు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఆవిడ్ని విజిటర్స్ గదికి తీసుకెళ్ళాడు. పౌడరక్క గమనించింది. మొగుడూ పెళ్ళాల పోట్లాట ఆమెకి కొత్త కాదు. కానీ ఇది పోట్లాట కాదు. పోట్లాట ఎప్పుడో ఎండిపోయిన తర్వాత మిగిలింది.

అమ్మాయిలిద్దర్నీ బయటికి పంపి తలుపు వేసింది. మాష్టారిని కుర్చీలో కూర్చోబెట్టి మెడకి గుడ్డ కట్టింది.

"నువ్వేనా తల్లీ?" అన్నాడు, ఆమె చెయ్యి తడుముకుంటూ.

"నేనే మాష్టారూ."

"ఆ రోజు నాకు మంచినీళ్ళిచ్చావు. బయటికి వచ్చాక కూడా, అందరూ నన్ను చూసి మొహం తిప్పుకుంటుంటే, నువ్వే వచ్చి ముఖం తుడిచావు. ఒక్కమాట మాట్లాడకుండా తుడిచావు. నేను మర్చిపోలేదు."

పౌడరక్క తడిగుడ్డతో ఆయన నుదురు తుడిచింది. చర్మం పల్చగా, కాగితంలా కదిలింది. ఒక చెంపకి పౌడరు అద్దింది. రెండో చెంప దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"మాష్టారూ, ఆ రోజు ఈ కుర్చీలో మీరు నాతో ఏం మాట్లాడారో గుర్తుందా?"

"ఏం గుర్తుంటుంది? భయంలో ఏదో వాగుంటాను. ఏం, నిన్నేమైనా అన్నానా?"

"మీ అమ్మాయి సంగతి చెప్పారు."

అద్దంలో ఆయన ముఖం కదల్లేదు.

"స్లిప్పులు దొరకడం, పరీక్షకి పంపకపోవడం, కామెర్లని చెప్పడం. అంతా మీరు నాకు చెప్పారు. నేను చెర్నాకోలకి చెప్పాను. ఆ మాట ఆయన నోటికి అందించింది నేనే మాష్టారూ."

ఇంకా ఏదో అనబోయింది. క్షమించమని అడుగుదామని ఇంటి దగ్గర ఒకటికి పదిసార్లు అనుకున్న మాటలు ఇక్కడ చాలా చిన్నగా తోచాయి.

ఆయన కేకలు వెయ్యలేదు. చెయ్యి విదిలించుకోలేదు. పరీక్ష హాల్లో పిల్లవాడిని నిలబెట్టి అడిగినట్టు ఒక్కొక్కటే అడిగాడు.

"నేను నోటితో చెప్పానా?"

"చెప్పారు."

"ఇంకెవరైనా ఉన్నారా గదిలో?"

"లేరు."

"ఫోనేమీ రాలేదా? మా ఇంటినుంచి, ఆఫీసుకి, ఎవరూ చెయ్యలేదా?"

"లేదు మాష్టారూ. ఎవరూ చెయ్యలేదు. ఎందుకలా అడుగుతున్నారు?"

హెడ్మాస్టరు రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ రోజు అంతా అయిపోయాక ఆయన్ని అడిగాను. ఎవరు చెప్పారయ్యా నీకు అని. భుజం మీద చెయ్యేసి, 'ఈ మాట మీ గడప దాటి వచ్చిందే మాష్టారూ, ఇంట్లో చూసుకోండి' అన్నాడు."

ఆ మాట పౌడరక్కకి తెలియదు. ఇరవై ఏడేళ్ళలో ఒక్కసారీ తెలియలేదు.

"ఇంట్లో తెలిసింది ముగ్గురికి. నేను చెప్పలేదని నాకు తెలుసు. తెలుసనుకున్నాను. పిల్ల చెప్పుకోదు. ఇంక మిగిలింది ఎవరు?" ఆయన గొంతు ఎక్కడా పెరగలేదు. "పిల్లని పరీక్ష ఆపినందుకు ఆవిడకి నా మీద కోపం. నా పరువు తీయడానికి ఫోను చేసిందనుకున్నాను. ఇంటికెళ్ళి అడిగాను. నేనెవరికీ చెప్పలేదండీ అంది. ఒక్కసారే అంది. రెండోసారి అడిగితే అనలేదు. రెండోసారి అననందుకు, ఒప్పుకున్నట్టే అనుకున్నాను."

"మాష్టారూ..."

"అమ్మాయికి కూడా నేనే చెప్పాను. నీ బతుకు బజారుకెక్కించింది మీ అమ్మే అని. అది ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటూ బతుకుతోంది. నాతో మాట్లాడుతుంది. నెలకోసారి వచ్చి బయట గుమ్మంలో కూర్చుని వెళుతుంది. వాళ్ళమ్మ ఫోను చేస్తే గొంతు వినగానే పెట్టేస్తుంది. మేమిద్దరం ఒకే కప్పు కింద ఉంటాం. కావలసినవి గోడకి చెప్పినట్టు చెప్పుకుంటాం. ఇరవై ఏడేళ్ళు ఆవిడ నాకు వండిపెట్టింది. చూపు మందగించాక చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. దోషం ఉంది కాబట్టే చేస్తోందని అనుకున్నాను తల్లీ."

ఆయన కళ్ళలో నీళ్ళు రాలేదు. పౌడరక్కకి కూడా రాలేదు. ఏడిస్తే అది తన కోసం ఏడ్చినట్టవుతుందని భయపడింది.

తలుపు తెరుచుకుంది. చెవిలో ఇయర్‌ఫోనుతో కొడుకు. "ఐదు నిమిషాలు సార్. అమ్మా, ఇంకా సగం ముఖమే..."

"నేను ఇప్పుడే రాను బాబూ," అన్నాడు హెడ్మాస్టరు.

"సార్, లైవ్ సార్! ముందు పిలిచేది మిమ్మల్నే."

"కామెర్లు కాదు, నేను అబద్ధం చెప్పాను, నా బిడ్డని కాపాడుకోవాలనుకున్నాను. ఇదే నా జవాబు. దీనికోసమే వచ్చాను. కానీ దానికంటే ముందు ఒకరికి చెప్పాల్సింది ఉంది." ఆయన లేవబోయి తూలాడు. పౌడరక్క పట్టుకుంది. ఆయన ఆ చెయ్యి వదిలించుకుని, కుర్చీ వీపు పట్టుకున్నాడు. మొదటిసారి ఆయన ముఖంలో అసహ్యం కనిపించింది. అది తనకి రావలసిందేనని ఆమె కదలకుండా నిలబడింది.

"నాకు నోరు రాదు," అన్నాడు. "ఆ రోజు రాలేదు, ఇప్పుడూ రాదు. నువ్వే చెప్పాలి. నాతో చెప్పినట్టే, ఒక్క ముక్క మిగల్చకుండా ఆవిడకి చెప్పాలి. నేను గుమ్మంలో నిలబడతాను."

"అమ్మా, ఏంటిది?" అన్నాడు కొడుకు. "ఏం చెప్పాలి? ఎవరికి?"

"రా. నువ్వూ విను," అంది తల్లి. "నవ్వుల కబుర్లు అడిగావుగా."

*

విజిటర్స్ గదిలో ఆవిడ ఒక్కతే ఉంది. ఒళ్ళో మందుల సంచీ. గోడమీది టీవీలో పక్క స్టూడియో కనిపిస్తోంది, చెర్నాకోల నిలువెత్తు బొమ్మ ముందు ఖాళీ కుర్చీలు. ఆవిడ దానికేసి చూడటం లేదు. గడియారం చూస్తోంది.

"మందు టైము దాటింది," అంది, గుమ్మంలో సగం ముఖానికి పౌడరుతో నిలబడ్డ భర్తని చూసి, ఎవరితోనూ కాదన్నట్టు.

పౌడరక్క ఆవిడ ఎదురుగా కూర్చోలేదు. నిలబడే చెప్పింది. కుర్చీ సంగతి, కళ్ళు మూసుకోమన్న సంగతి, లోపలి సరుకేంటని చెర్నాకోల అడగటం, తను చెప్పటం. గడప దాటి వచ్చిన మాటేనని ఆయన చెప్పిన అబద్ధం. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. వెనక కొడుకు ఇయర్‌ఫోను తీసి చేతిలో పట్టుకున్నాడు. అందులోంచి ఎవరో సన్నగా అతన్ని పేరుపెట్టి అరుస్తూనే ఉన్నారు.

చెప్పడం అయిపోయింది.

ఆవిడ మందుల సంచీ పక్కన పెట్టింది. పౌడరక్కని పైనుంచి కిందకి ఒకసారి చూసింది.

"మీకు పిల్లలున్నారా?"

"ఒక్కడే. వీడే."

"మీతో మాట్లాడతాడా?"

"మాట్లాడతాడండీ."

ఆవిడ తల ఊపింది. తిట్టలేదు. హెడ్మాస్టరు గుమ్మంలోంచి ఒక అడుగు ముందుకు వేశాడు. "ఏమేవ్," అన్నాడు. ఆ పిలుపు ఎన్నేళ్ళ కిందటిదో, ఆయన నాలుక మీద తడబడింది. "నేను..."

"మీరు ఆగండి," అంది ఆవిడ. నేరుగా ఆయనతోనే అంది. "మీ సంగతి ఇంటికెళ్ళాక. మనకి చాలా టైముంది. లేకపోయినా ఫరవాలేదు."

తర్వాత పౌడరక్క వైపు తిరిగింది. "మీ దగ్గర ఫోనుందా?"

పౌడరక్క సంచీలోంచి ఫోను తీసి ఇచ్చింది. ఆవిడ అద్దాలు పెట్టుకుని, ఏ కాగితమూ చూడకుండా, ఒక నంబరు నొక్కింది. ఒక్క అంకె కూడా ఆగి నొక్కలేదు. ఎన్నిసార్లు నొక్కిన నంబరో.

"నా నంబరైతే ఎత్తదు. నా గొంతైతే పెట్టేస్తుంది," అంది. "మీరు మాట్లాడండి. మొదట్నుంచీ. పేరు కూడా మీదే చెప్పండి."

"నేనా?"

"మా ఇంట్లో మాట మీ నోటినుంచే కదా వెళ్ళింది. మీ నోటినుంచే రానివ్వండి."

కొడుకు "అమ్మా, పదకొండైంది," అన్నాడు. అంటూనే ఆ మాటకి తనే సిగ్గుపడినట్టు తల దించుకున్నాడు. గోడమీది టీవీలో సంగీతం మొదలైంది. హెడ్మాస్టరు గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ వచ్చి భార్య పక్క కుర్చీ తడిమాడు. ఆవిడ లాగలేదు, జరపలేదు. ఆయన నిలబడే ఉన్నాడు.

ఫోను మోగుతోంది. నాలుగు, ఐదు. పౌడరక్క చెవికి పెట్టుకుంది. అవతల యంత్రాల చప్పుడు, కాగితాల గలగల. ఆ చప్పుడు మధ్యలోంచి ఒక ఆడగొంతు, అలసటగా, పనిలోంచి తల తిప్పి మాట్లాడినట్టు:

"హలో, ఎవరండీ?"